లాహుల్ లోయలో అల్లికవిద్య

భారతదేశములో నేతవిద్య ఎంత ప్రాచీనమో అల్లికవిద్య అంత నవీనము. మొహెంజొదారో త్రవ్వకములలో ఒక వెండిపాత్రను అంటిపెట్టుకొని దొరికిన నూలుబట్ట పీలిక నాలుగువేల యేండ్లకు మించిన వయస్సు గలది. వేదకాలపు కవులకు పడుగును పేకయు తెలిసిన వస్తువులే. కాశీనగరమున కబీరుదాసు మగ్గము ముందు కూర్చుండియే తన తత్త్వమును పాడెను. మన భాషలలో సామెతలు, ఉపమానములు, కులనామములు ఎన్నియో మగ్గము చుట్టును పుట్టినవి. కాని రెండు పుల్లలు చేతబట్టి, మగ్గముతో పనిలేకుండ, ఒకే దారమును ఉచ్చులోనుండి ఉచ్చుగా లాగుచు బట్టను పుట్టించు విద్యకు ప్రాచీన భారతమున ఆనవాలు కానరాదు. దానిని కీర్తించు పురాణకథ లేదు. దానిని కులవృత్తిగా గొన్న జాతియు లేదు.

అయినను ఇరువదవ శతాబ్దపు ఉత్తర హిందూస్థానమున ఈ విద్య ఇంటింటి విద్య అయ్యెను. చలికాలపు మధ్యాహ్నము ఎండపొడ పడిన ప్రతి వాకిటను, ప్రతి మేడమీదను స్త్రీల చేతులలో పుల్లలు ఆడుచుండెను. దానిని చూచినవారికి అది నిన్నమొన్న వచ్చిన విద్యయని తోచదు. పరాయిది ఇంత శీఘ్రముగా స్వంతమగుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము పెద్దనగరములలోకంటె హిమాలయములలోని ఒక చిన్న లోయలో స్పష్టముగా దొరకును. అది లాహుల్.

ఆ లోయకు పోవుటకు ముందు కొన్ని మాటలను విచారింపవలెను. హిందీభాష ఈ క్రొత్తవిద్యకు క్రొత్తపేరు పెట్టలేదు. 'బున్‌నా' అను క్రియ నేతకు ఎట్లో అల్లికకును అట్లే చెల్లును. సాలెవాడు చీర నేసినను, తల్లి బిడ్డకు స్వెట్టరు అల్లినను హిందీలో మాట యొక్కటే. పుల్లకు 'సలాయీ', ఉన్నికి 'ఊన్', ఒక్కొక్క అల్లికకుట్టునకు 'ఫందా' అని పేర్లు. సలాయీ సంస్కృతమందలి 'శలాక'కు రూపాంతరము; కాటుక దిద్దు పుల్లయు సలాయీయే, నిప్పుపుల్లయు 'దియాసలాయీ'యే. ఊన్ 'ఊర్ణ' నుండి వచ్చినది. మన 'ఉన్ని'యు ఆ సంతతిదే. సాలెపురుగునకు ఊర్ణనాభమను పేరు కలుగుటయు ఆ మాటవలననే. ఇక ఫందా యనగా ఉచ్చు. పిట్టలను పట్టు ఉచ్చునకును, ఉరిత్రాటి ఉచ్చునకును అదియే పేరు.

తెలుగు వేరొక త్రోవ త్రొక్కినది. నేయుట వేరు, అల్లుట వేరు అని అది మొదటినుండియు విడదీసి చూచినది. పూలదండను, జడను, బుట్టను, పందిరిమీది తీగను, లేనిపోని కథను ఏ మాటతో చెప్పుచుండెనో ఆ మాటనే పుల్లల పనికిని ఇచ్చినది. హిందీ ఈ విద్యను మగ్గము ప్రక్కన కూర్చుండబెట్టగా తెలుగు దానిని పూలదండ ప్రక్కన కూర్చుండబెట్టినది. పని యొక్క స్వభావమును చూచినచో తెలుగుమాటయే సత్యమునకు మరింత దగ్గరగా నున్నది.

ఏలయన, నేతకు పడుగు ఒకటి, పేక ఒకటి కావలెను; వానిని పట్టి నిలుపుటకు మగ్గము కావలెను. అల్లికలో దారము ఒక్కటే. అది తన్ను తానే పట్టుకొని నిలుచును. ప్రతి ఉచ్చును క్రిందివరుసలోని ఉచ్చుగుండ వచ్చినదే. దానిని మరల పైవరుసలోని ఉచ్చు పట్టి నిలుపును. అందుచేత అల్లినబట్ట లాగినచో సాగును, విడిచినచో ముడుచుకొనును. మడమను, మోచేతిని, వ్రేళ్లను ఒరసికొని యుండును. నేసినబట్టకు ఈ గుణము లేదు. అందుచేతనే ఒక్క ఉచ్చు జారినచో దాని క్రిందివన్నియు నిచ్చెనమెట్లవలె ఒకదానివెంట నొకటి విడిపోవును. అల్లికకు బలము ఎక్కడ నున్నదో బలహీనతయు అక్కడనే యున్నది.

ఈ విద్య జన్మస్థానము ఈజిప్టు ప్రాంతమని చరిత్రకారులలో పెక్కుమంది తలంతురు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున, క్రీస్తుశకపు తొలి శతాబ్దములలో ఈజిప్టున తయారైన మేజోళ్లు కొన్ని కలవు. అవి చూపునకు అల్లికవలెనే యుండును. కాని ఒంటిసూదితో, తునుకలు తునుకలుగా దారము నెక్కించి కుట్టినవి. పుల్లలతో నిజముగా అల్లిన తొలి బట్టలును ఆ దేశముననే దొరికినవి. అవి సుమారు 11వ శతాబ్దము మొదలు 14వ శతాబ్దము వరకు గల కాలమునకు చెందిన నీలి, తెలుపు నూలు మేజోళ్లు. అక్కడినుండి ఈ విద్య మధ్యధరాసముద్రము దాటి ఐరోపా చేరెను. 1275లో మరణించిన కస్తీలు రాకుమారుడు ఫెర్నాండో దె లా సెర్దా సమాధిలో పట్టుదారముతో అల్లిన దిండు దొరికినది. 1400 ప్రాంతమున జర్మనీలోని మేస్టర్ బెర్ట్రాము గీసిన ఒక పటములో మరియమాత నాలుగు పుల్లలతో చిన్నచొక్కాను అల్లుచు కానవచ్చును. 1589లో ఇంగ్లండున విలియం లీ అను మతాచార్యుడు మేజోళ్లు అల్లు యంత్రమును కల్పించెను. అయినను చేతి పుల్లలు మూలపడలేదు. ఆ పుల్లలే మూడువందల యేండ్ల పిమ్మట హిమాలయముల నెక్కినవి.

లాహుల్ నేడు హిమాచలప్రదేశమున నున్నది. చంద్రా, భాగా నదులు తాండీ వద్ద కలిసి చంద్రభాగ యగును. అదియే దిగువను చీనాబు. భాగానది ఒడ్డున, సముద్రమట్టమునకు పదివేల అడుగుల ఎత్తున కేలాంగ్ అను పట్టణము కలదు. దాని కెదురుగా నది ఆవలి కొండపై కార్దంగ్ బౌద్ధవిహారము నిలిచియున్నది. దక్షిణమున 3,978 మీటరుల ఎత్తుగల రోహ్‌తాంగ్ కనుమ ఈ లోయను కుల్లూ నుండి వేరుచేయుచున్నది. శీతకాలమున ఆ కనుమ మంచుతో మూసికొనిపోగా లాహుల్ ప్రజలకు నెలల తరబడి బయటి లోకముతో రాకపోకలు ఉండెడివి కావు. గొఱ్ఱెలును ఉన్నియు ఆ ప్రజలకు క్రొత్త కాదు. తకిలి చేతబట్టి నడచుచునే ఉన్ని వడకు కాపరులు హిమాలయములలో నేటికిని కలరు. ఉన్నిబట్ట నేయుటయు వారికి తెలియును. తెలియనిది అల్లికయొక్కటే.

1846లో మొదటి సిక్కుయుద్ధము ముగియగానే కుల్లూతోపాటు లాహుల్ ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చెను. పదియేండ్లు తిరుగకముందే ఇద్దరు జర్మనులు అక్కడికి చేరిరి. వారు ఆగస్టు విల్‌హెల్మ్ హైడె, ఎడ్వర్డు పాగెల్. సాక్సనీలోని హెర్న్‌హూట్ అను ఊరు కేంద్రముగా గల మొరేవియన్ క్రైస్తవసంఘమునకు చెందినవారు. వారి గమ్యము లాహుల్ కాదు, మంగోలియా. టిబెట్టు మీదుగా పోవలెనని బయలుదేరిరి; సరిహద్దులలో త్రోవ దొరకలేదు. వెనుదిరిగి 1856లో కేలాంగున ఇల్లు కట్టుకొనిరి. మరుసటి సంవత్సరము హైన్రిఖ్ ఆగస్టు యెష్కె వారిని కలిసికొనెను. టిబెట్టు తలుపు ఎన్నడైనను తెరచుకొనునను ఆశతో యెష్కె ఆ భాషను లోతుగా నేర్చెను. క్రైస్తవుల నూతననిబంధనను టిబెటన్ భాషలోనికి తెచ్చుటకు శ్రమించెను. 1881లో వెలువడిన ఆయన టిబెటన్-ఆంగ్ల నిఘంటువు పండితలోకమున నేటికిని ఆదరణీయము.

1859లో హైడెకు వధువుగా మరియా హార్ట్‌మన్ కేలాంగునకు వచ్చెను. ఆమెయు మిషనరీల బిడ్డయే. దక్షిణ అమెరికాలోని సురినాములో జన్మించినది. ఆనాటినుండి సుమారు నలుబదియేండ్లు ఆమె ఆ లోయలోనే గడపెను. పురుషులు నిఘంటువులు కూర్చుచు, రాతియచ్చున పుస్తకములు వేయుచు, ఊరూరు తిరిగి బోధించుచుండగా ఆమె స్త్రీలను, బాలికలను చేరదీసి అల్లికబడిని నడపెను. చరిత్రలో ఆ పండితుల పేర్లు నిలిచినంతగా ఆమె పేరు నిలువలేదు. కాని లాహుల్ ఇండ్లలో నిలిచినది ఆమె నేర్పిన పనియే.

ఆ పనిలో తొలిపాఠము మిక్కిలి చిన్నది. అది హెర్న్‌హూట్‌లో ఎట్లో కేలాంగున అట్లే. నేర్చుకొను ప్రతివారును ఆ ద్వారముననే ప్రవేశింపవలెను. మొదట దారపు కొసను జారుముడి వేసి ఒక పుల్లకు తొడుగవలెను. దాని ప్రక్కన మరికొన్ని ఉచ్చులను ఎక్కించి పునాదివరుస కట్టవలెను. పిమ్మట ఎడమచేతి పుల్లమీది తొలి ఉచ్చులోనికి కుడిచేతి పుల్లమొనను దూర్చవలెను. దానిమీద దారమును ఒకమారు చుట్టవలెను. ఆ చుట్టును ఉచ్చులోనుండి ఈవలకు లాగవలెను. పాత ఉచ్చును ఎడమపుల్లనుండి జార్చవలెను. దూర్చుట, చుట్టుట, లాగుట, జార్చుట: ఈ నాలుగు పనులు కలిసి ఒక్క కుట్టు. ఇదియే హిందీలోని 'సీధా ఫందా'. ప్రపంచమందలి అల్లికయంతయు దీనిమీదనే నిలిచియున్నది.

చెప్పినంత సులభముగా అది చేతికి రాదు. క్రొత్తగా పట్టినవారు ఉచ్చు జారిపోవునను భయముతో దారమును బిగించి పట్టుదురు. బిగించినకొలది ఉచ్చులోనికి పుల్ల దూరదు, దూరినను కదలదు. వదులుగా పట్టుడని చెప్పినచో మరీ వదలివేయుదురు. బట్ట వలవలె జల్లెడకన్నులు పడును. ఇరువది ఉచ్చులతో మొదలుపెట్టినది పది వరుసలు ముగియునప్పటికి ఇరువదిమూడగును. వరుస మొదటనో మధ్యనో దారము పుల్లమీదికి ఎగబడి, లేని ఉచ్చును పుట్టించుటయే దానికి కారణము. ఎక్కడనో ఒక ఉచ్చు జారి ఇరువది కాస్త పదునెనిమిది యగుటయు కలదు. అందుచే నేర్చుకొనువారికి అల్లుటతోపాటు లెక్కపెట్టుటయు వచ్చును. అక్షరము రాని స్త్రీలు సైతము నూరేసి ఉచ్చులను, రంగులు మారు చోటులను మనసున పెట్టుకొని తప్పక అల్లుట హిమాలయ గ్రామములలో సామాన్యవిషయము.

తప్పు జరిగినప్పుడు ఈ విద్యవంటి దయగలది వేరొకటి లేదు. కత్తిరించిన గుడ్డ మరల అతుకదు. కుండ పగిలినచో మట్టి కాదు. అల్లికలో మాత్రము పుల్లను తీసివేసి దారము కొసను లాగినచో వరుసవెంట వరుస విడిపోయి, దారము దారముగనే చేతికి వచ్చును. హిందీలో దీనిని 'ఉధేడ్‌నా' యందురు. ఎదిగిన బిడ్డకు చాలని స్వెట్టరును విప్పి, ఉన్నిని చిలపలుగా చుట్టి, కడిగి ఆరవేసి, మరల అల్లుట ఉత్తరదేశపు గృహిణులకు పరిపాటిగా నుండెను. నేర్చుకొను బాలిక తొలి తునుకను పదిసారులు విప్పినను ఇంటివారికి ఉన్ని నష్టము లేదు. ఉన్నిని ప్రాణముగా చూచుకొను పేద ఇండ్లలోనికి ఈ విద్య సంకోచము లేకుండ ప్రవేశించుటకు ఈ గుణము మిక్కిలి తోడ్పడియుండును.

తొలి కుట్టు కుదిరిన పిమ్మట రెండవది. దారమును పుల్లకు ముందుప్రక్కకు తెచ్చి, ఉచ్చులోనికి ఆవలినుండి దూర్చి అల్లుట 'ఉల్టా ఫందా'. సీదా, ఉల్టా అను మాటలు తెలుగువారికి, విశేషించి తెలంగాణమువారికి పరిచితములే కనుక వానిని మార్చ పనిలేదు. నిజమునకు ఇవి రెండు కుట్లు కావు. ఒకే ఉచ్చునకు వీపును ముఖమును. సీదాను వెనుకనుండి చూచినచో ఉల్టా. ఒక వరుస సీదాగా, ఒక వరుస ఉల్టాగా అల్లినచో బట్ట నునుపుగా వచ్చును. ఒక ఉచ్చు సీదా, ప్రక్క ఉచ్చు ఉల్టా వేయుచు పోయినచో మణికట్టును పట్టియుంచు సాగుడు పట్టీ వచ్చును. చరిత్రలోను ఈ రెండింటి వరుస ఇదియే. గుండ్రముగా అల్లు మేజోటికి సీదా యొక్కటి చాలును. పాత అల్లికలు అట్టివే. ఉల్టాకు ఇంతవరకు తెలిసిన తొలి సాక్ష్యములలో ముఖ్యమైనది, 1562లో మరణించిన ఫ్లారెన్సు ప్రభుపత్ని ఎలియనోరా దె తొలెదో సమాధిలో దొరికిన మేజోళ్లు. మానవజాతి శతాబ్దములలో దాటిన ఈ దూరమును కేలాంగు బాలిక కొలదిదినములలో దాటెను.

ఆ లోయవారు మిషనరీలవద్దనుండి ఏమి గైకొనిరి, ఏమి విడిచిరి అనునది విచారింపదగిన విషయము. అల్లికబడి ఉద్దేశము అల్లిక మాత్రమే కాదు. స్త్రీలు కొంతసేపు ఒకచోట కూర్చుండిన గాని మతబోధ వారి చెవి సోకదు. పుల్లలు ఆ కూర్చుండుటకు ఒక నెపము. గృహిణి యెట్లుండవలెనను ఐరోపా భావము కూడ ఆ పుల్లలవెంటనే వచ్చినది. కాని నేర్పినవారి ఉద్దేశము వేరు, నేర్చినవారి అవసరము వేరు. ఆ దశాబ్దములలో మతము మార్చుకొన్నవారు చాల కొద్దిమంది. లోయ తన బౌద్ధ విహారములను, తన దేవతలను, తన పండుగలను విడువలేదు. హైడె దంపతులు 1898లో కేలాంగును విడిచిపోయిరి. హైడె డార్జిలింగు ప్రాంతమున శరచ్చంద్రదాసు టిబెటన్ నిఘంటువును పరిష్కరించుటలో పాల్గొనెను; 1902లో అది వెలువడెను. కాలక్రమమున కేలాంగులోని మిషనును మూతపడెను. పుల్లలు మాత్రము ఆడుచునే యున్నవి.

ఎందుచేత? మగ్గము ఒక గదిని ఆక్రమించును. పుల్లలు నడుమున దోపుకొనుటకు చాలును. నేత తీరికను కోరును. అల్లిక తీరికలేనివారికొరకే పుట్టినట్లుండును. పొయ్యిమీద ఎసరు మరుగువరకు, పశువులు మేసినంతసేపు, త్రోవ నడచునప్పుడు రెండు వరుసలు వేసి ఆపవచ్చును. పిలుపు వచ్చిన తోడనే లేచిపోవచ్చును. దానికి కులము అడ్డురాదు. ఏలయన ఏ కులమును దానిని తనదని చెప్పుకొనలేదు. దానిని నేర్చుటకు పుస్తకము అక్కరలేదు; ప్రక్కన కూర్చుండి చేతులను చూచినచో చాలును. ఉన్ని ఇంటిలో నున్నది, మంచు వాకిట నున్నది, శీతకాలము దీర్ఘముగా నున్నది. ఇన్ని కలిసిరాగా తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి ఆ విద్య ప్రాకినది. లాహుల్ స్త్రీలు దానిని ఉన్నదున్నట్లుగా ఉంచలేదు. మేజోళ్లమీదను చేతితొడుగులమీదను రంగురంగుల కోణములు, గడులు, వంకీలు తమ కనులకు నచ్చిన తీరున తీర్చిరి. ఆ రంగుల పొందికను చూచి ఇవి లాహుల్‌వి యని గుర్తించు స్థితి యేర్పడినది.

మైదానములలో ఈ విద్య వేరువేరు త్రోవల వచ్చెను. ఆంగ్లేయుల గృహములు, మిషను బాలికల పాఠశాలలు, దండుప్రదేశములు దానికి తొలినెలవులు. తరువాత మధ్యతరగతి ఇండ్లు దానిని చేకొన్నవి. 1962లో చైనాతో యుద్ధము వచ్చి, చాలినన్ని చలిబట్టలు లేక హిమాలయములలో మన సైనికులు బాధపడుచున్న వార్తలు వినబడగా, వారికొరకు దేశమందలి స్త్రీలు స్వెట్టరులు, మేజోళ్లు అల్లి పంపిరి. చలి యెట్లుండునో ఎఱుగని ప్రాంతముల స్త్రీలు సైతము ఆనాడు పుల్లలు పట్టిరి.

చలిలేని ఆంధ్రదేశమున ఉన్ని అల్లిక ఎక్కువగా వేళ్లూనలేదు. కాని దాని సోదరవిద్య యొకటి గోదావరితీరమున నాటుకొనెను. 19వ శతాబ్దమున నరసాపురం ప్రాంతమునకు వచ్చిన క్రైస్తవ మిషనరీలు అక్కడి స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. దానికి రెండు పుల్లలు కాదు, కొక్కెపుసూది యొక్కటి. ఉన్ని కాదు, నూలు. అక్కడను ఉచ్చులోనుండి ఉచ్చును లాగుటయే మూలసూత్రము. అయితే ఈ రెండు కథలకు ఒక భేదము కలదు. లాహుల్ స్త్రీ అల్లినది ముందుగా ఆమె బిడ్డ పాదమునకు చేరెను. నరసాపురం స్త్రీ అల్లినది సముద్రములు దాటి పరదేశములకు పోయెను. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లో ప్రకటించిన గ్రంథములో, ఆ స్త్రీలు దినమంతయు పనిచేసినను వారిని పనివారుగాక తీరికవేళ కాలక్షేపము చేయు గృహిణులుగనే లెక్కించి, స్వల్పమైన కూలి యిచ్చుచుండిరని చూపెను. ఎప్పుడైనను దించి ఎత్తుకొనగల పని యగుటచేతనే అది ఇంటిలోనికి వచ్చినది. ఆ కారణముచేతనే అది పనిగా లెక్కకు రాలేదు. లాహుల్ మేజోళ్లు విపణికి వచ్చినకొలది ఈ ప్రశ్న ఆ లోయనుగూడ వదలదు.

2021లో 'లాహులీ అల్లిక మేజోళ్లు, చేతితొడుగులు' అను పేరు భౌగోళిక సూచికగా నమోదయ్యెను. 2024లో నరసాపురం లేసునకును ఆ గౌరవము లభించెను. ఈ నమోదు వస్తువునకు ఫలానా చోటుతో గల సంబంధమును చట్టము ఒప్పుకొనుట. ఈజిప్టున పుట్టి, ఐరోపాలో పెరిగి, మంగోలియాకు పోవలెనని బయలుదేరి త్రోవ దొరకక ఆగిపోయినవారిచేత తేబడిన విద్యను, నేడు లాహుల్ సొత్తుగా భారతదేశపు చట్టము గుర్తించినది. ఇందు అసంబద్ధత యేమియు లేదు. ఎక్కడ పుట్టినదని కాదు, ఎవరి చేతులు దానిని తరతరములుగా నేర్చి నేర్పినవని చూచినచో ఆ విద్య లాహుల్‌దే. మన దేశమున స్వదేశి, విదేశి యను వాదము లేచినప్పుడెల్ల ఈ మేజోటిని జ్ఞప్తికి తెచ్చుకొనుట మేలు.

కాని చట్టము పేరును కాపాడగలదు గాని చేతిని కాపాడజాలదు. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ క్రిందుగా తొమ్మిది కిలోమీటరుల అటల్ సొరంగము తెరువబడెను. రోగికి వైద్యము, రైతునకు విపణి దగ్గరయ్యెను. మంచు మూసిన కనుమ ఇక ప్రాణముల మీదికి తేదు. ఇది కోరదగిన మేలు. ఆ త్రోవనే యంత్రముల అల్లికయు చౌకగా లోయలోనికి వచ్చును. పుల్లలకు ఆటపట్టైన దీర్ఘమైన శీతకాలపు ఏకాంతము తగ్గును. లుధియానా మరలు ఒక జత మేజోళ్లను అల్లు కాలములో చేయి కొన్ని ఉచ్చులను మాత్రమే వేయగలదు. ధరలో చేయి మరతో పోటీపడలేదు. కొనువారు చేతిపనిని చేతిపనిగా గుర్తించి తగిన వెల యిచ్చినప్పుడే ఆ పని పనిగా నిలుచును.

అంతకంటె ముందు కావలసినది మరొకటి కలదు. అల్లినబట్టలో ప్రతి ఉచ్చును క్రింది ఉచ్చుచేత పుట్టి, పై ఉచ్చుచేత నిలుచును. పైది పట్టుకొననిచో క్రిందిది ఎంత చక్కగా వేసినదైనను జారిపోవును. విద్యయు అట్లే. మరియా హైడె బడిలో తొలి ఉచ్చు వేసిన బాలికల పేర్లు పుస్తకములకు ఎక్కలేదు. వారు తమ బిడ్డలకు, ఆ బిడ్డలు తమ బిడ్డలకు అందించుచు వచ్చుటచేతనే అది నూటయేబది యేండ్లకు పైబడి నిలిచినది. కేలాంగు ఇంటిలో ఒక ముసలమ్మ మనుమరాలిచేతికి పుల్లలిచ్చి, దారమును అంత బిగించి పట్టవలదని చెప్పునంతకాలము ఆ వరుస తెగదు.